ఏడో తెర మీది మేకపిల్ల

హంసల మధ్య నిలబడ్డ మేకపిల్ల మాయమైంది దసరా సెలవులకు ముందు రోజు, మధ్యాహ్నం అన్నాల వేళ. వడ్డేపల్లి హైస్కూలు కంప్యూటర్ గదిలో, కిటికీ పక్కనున్న కంప్యూటర్ తెర మీద అది పొద్దున్నుంచీ నిక్షేపంగా ఉంది. లెక్కల సారు అనంతయ్య టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చి చూసేసరికి మేకపిల్ల లేదు, హంసలు లేవు, వాటి కాళ్ల కింద గీసిన అలలు లేవు. తెరంతా నల్లగా ఉంది. పై మూలన రెండు ముక్కల ఇంగ్లీషు, దాని పక్కన ఆరుతూ వెలుగుతూ ఒక చిన్న గీత.

అనంతయ్య డబ్బా బెంచీ మీద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. కళ్లజోడు తీసి అదీ తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. తెర నల్లగానే ఉంది.

తెర పక్కన ఆయన అంటించిన కాగితం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. దాని మీద ఆయన గుండ్రటి అక్షరాలు: "చెరపరాదు. అనంతయ్య."

నల్లబల్ల మీద సగం లెక్క మిగిలిపోయినప్పుడు చుట్టూ గడి కట్టి, మూలన 'చెరపరాదు' అని రాసి వెళ్లడం ఆయనకు ఉద్యోగంలో చేరిన నాటి అలవాటు. తర్వాతి పీరియడుకు ఎవరొచ్చినా ఆ గడిని వదిలి మిగతా బల్ల తుడుచుకునేవారు. ఎంత అల్లరి తరగతైనా ఆ మాట జోలికి పోయేది కాదు. కంప్యూటర్ దగ్గరా ఆయన అదే చేశాడు. బొమ్మ గీశాడు, కాగితం అంటించాడు, అన్నం తినడానికి వెళ్లాడు. గీసినదాన్ని వేరే దాచుకోవాలని ఆయనకు తోచనే లేదు. కళ్లెదుట కనబడుతున్నది ఉన్నట్టే కదా అనుకున్నాడు.

ఆ బొమ్మ ఆయన భార్య స్వరూపది. స్వరూప పుట్టిల్లు రాజోలి. మగ్గాల మధ్య పెరిగిన మనిషి. గద్వాల చీరల అంచులకు గ్రాఫ్ కాగితం మీద గడీ గడీ నింపి బొమ్మలు వేసి ఇచ్చేది. హంసల వరుస అందరూ వేసేదే. ఆమె మాత్రం కొన్ని హంసలకు ఒకసారి ఒక మేకపిల్లను నిలబెట్టింది. హంసలన్నీ ముందుకు పోతుంటే అది వెనక్కి తిరిగి చూస్తూ ఉంటుంది. చీర నేసే బాలన్న ఆమెకు వరుసకు అన్న. మొదట ఆయన ఒప్పుకోలేదు.

"పట్టు అంచుల మేకేంది చెల్లె. చూసినోళ్లు నవ్వుతరు."

"నవ్వితే మంచిదే గదన్నా. పట్టుచీర కట్టుకొని మొఖం మాడ్చుకునే కన్న" అంది స్వరూప.

ఆమె వేసిన చివరి అంచు అదే. ఆషాఢంలో ఆమె పోయింది. ఎవరైనా అడిగితే అనంతయ్య "జ్వరమొచ్చింది" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు.

ఆ తర్వాత శ్రావణం వానలకు బాలన్న ఇంటి కప్పు కారింది. బొమ్మ ప్రకారం చిల్లులు కొట్టి మగ్గానికి కట్టే అట్టలూ, వాటి పక్కనే పెట్టిన గ్రాఫ్ కాగితమూ నాని ముద్దయిపోయాయి. ఆ అంచు ఇక నేసిన చీర మీదే మిగిలింది. ఆ చీర వనపర్తిలో ఒక పెళ్లివారికి ఒప్పుకున్నది. ఇవాళ సాయంత్రం ఇచ్చేయాలి. రాత్రికే వాళ్లు దాన్ని తీసుకుని బొంబాయి వెళ్లిపోతారు. అందుకని బాలన్న పొద్దున్నే చీర సంచీతో బడికి వచ్చాడు. ఆయన భూతద్దం పెట్టుకుని పోగులు చూస్తూ పైకి చెబుతుంటే, అనంతయ్య తెర మీది గడుల్లో ఒక్కొక్కటే రంగు నింపాడు.

"తోక కాడ ఒక గడి పైకి రావాలె బావా" అన్నాడు బాలన్న ఒకచోట. "లేకుంటే కుక్కయితది."

అనంతయ్య గడి మార్చాడు. కుక్క మేకపిల్ల అయింది. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం బాలన్న చూశాడు గానీ, చూసినట్టు కనబడలేదు. ఇంటర్వెల్ గంట కొట్టాక చీర మడత పెట్టుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

ఇప్పుడు చీర లేదు, బొమ్మా లేదు.

"సార్, గా కుర్చీల కూసోకుండ్రి" అని వెనక నుంచి వినబడింది.

గుమ్మంలో అటెండరు జమ్ములమ్మ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్లెంలో పసుపు, కుంకుమ, బంతిపూలు, నిమ్మకాయలు. సెలవులిచ్చే ముందు బడిలోని పనిముట్లన్నిటికీ పూజ చేయడం ఆమె చూసుకునే పని. గంటకు, సైన్సు గదిలో తక్కెడకు, తోటలో పారకు ఇప్పటికే బొట్లు పెట్టి వచ్చింది. కంప్యూటర్ గదిలో కూడా పని ముగించిందని అనంతయ్యకు అప్పుడు కనబడింది. ఒక్కో తెర నెత్తిన ఒక్కో బంతిపువ్వు ఉంది. కీబోర్డు మీటల పలకల మీద పసుపు, దాని మీద కుంకుమ, ఇంకా తడి ఆరలేదు.

"జమ్ములమ్మా, దీన్ని ఏం చేసినవ్?"

"నేనేం చేస్త సార్. తుడిసిన, బొట్టు పెట్టిన."

"ఎట్ల తుడిసినవ్?"

"తడిబట్టతోటి. ఓ చెయ్యి కింద ఆనిచ్చిన, ఓ చెయ్యితోటి పైన రుద్దిన. బగ్గ దుమ్మున్నది సార్. మీ కంప్యూటర్ సారు పిల్లలకు చెప్పుడే గని ఎన్నడన్న తుడుస్తడా?"

"నేను అంటించిన కాగితం చూడలేదా?"

"చూసిన. కాగితం చెరపొద్దని రాసిర్రు గదా, దాన్ని ముట్టలే" అంది జమ్ములమ్మ.

ఆ మాటలో ఆమె తప్పేమీ లేదు. అనంతయ్య సెల్‌ఫోన్ తీసి కంప్యూటర్ పాఠాలు చెప్పే ప్రేమ్ కుమార్‌కు కలిపాడు. కుర్రవాడు పొద్దుటి పీరియడ్లు ముగించుకుని సెలవులకు అచ్చంపేట బయల్దేరాడు.

"నాగర్‌కర్నూల్ దాటిన సార్" అన్నాడు ప్రేమ్ కుమార్, బస్సు చప్పుడు మీదుగా. "చెప్పుండ్రి."

అనంతయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. నల్ల తెర, రెండు ముక్కల ఇంగ్లీషు, కొట్టుకుంటున్న గీత.

"పరేషాన్ కాకుండ్రి సార్. బొమ్మ యాడికి పోలే. ఆ కంప్యూటర్ల ఏడు తెరలుంటయి. ఒకటి నుంచి ఆరు నల్లటివి, ఉత్త అక్షరాలవి. ఏడోది మన బొమ్మలది. తుడిసేటప్పుడు మూడు మీటలు ఒక్కపారి నొక్కినట్టున్నది, అది మొదటి తెరకు వచ్చి కూసున్నది. మీ బొమ్మ వెనక ఏడోదాంట్ల అట్లనే ఉంటది."

"ఉంటదా?"

"కచ్చితంగ ఉంటది. గని సార్, సేవ్ చేసిర్రు గద?"

"అంటే?"

"సరే సార్. అయితే ఒక్కటి యాదిల పెట్టుకోండ్రి. దాన్ని బంద్ చేయొద్దు. బంద్ చేసి మళ్ల పెడితే బొమ్మ పోతది. కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకొని పైవరుసల ఎఫ్ ఏడు నొక్కుండ్రి. బొమ్మ వస్తది. రాంగనే మౌస్‌తోటి ఫైల్ మీద నొక్కి సేవ్ అనుండ్రి, ఏదన్న పేరు పెట్టుండ్రి. తర్వాత కరెంటు పోయినా ఫికర్ లేదు."

కరెంటు మాట వినగానే అనంతయ్య గడియారం వైపు చూశాడు. ఆ రోజుల్లో రోజూ రెండింటికి కరెంటు తీసేవారు. ఇంకా కొంచెం టైముంది. ఆయన కుర్చీ లాగాడు.

జమ్ములమ్మ పళ్లెం అడ్డం పెట్టింది. "పూజ చేసినంక ముట్టద్దు సార్. రేపు పొద్దుగాల పూలు తీసినంకనే."

"రేపటిదాక ఆగితే లోపల ఉన్నది పోతది జమ్ములమ్మా."

"ఏమున్నది లోపల?"

"స్వరూప వేసిన అంచు" అన్నాడు అనంతయ్య.

జమ్ములమ్మ పళ్లెం కిందికి దించింది. ఆమె మొహంలో నియమానికీ జాలికీ పేచీ నడుస్తున్నట్టు కనబడింది. అనంతయ్య ఆమెకు ఒక దారి చూపించాలనుకున్నాడు.

"మరి బస్సు డ్రైవర్లు? పొద్దుగాల పూజ చేస్తరు, వెంటనే తోల్క పోతరు గద."

"వాళ్లు చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తరు సార్. తొక్కిస్తే ఇగ నడపొచ్చు."

"దీనికి చక్రాలు లేవు."

జమ్ములమ్మ కంప్యూటర్‌ను ఒక చుట్టు చూసింది. తర్వాత బల్ల కిందికి చూసింది. "కుర్చీకి కాళ్లున్నయి" అంది.

పళ్లెంలోంచి ఒక నిమ్మకాయ తీసి కుర్చీ ముందు కాలు కింద పెట్టింది. "కూసోండ్రి. జర గట్టిగ కూసోవాలె, పలగాలె." అనంతయ్య సన్నటి మనిషి. మొదటిసారి కూర్చుంటే నిమ్మకాయ పక్కకు దొర్లిపోయింది. జమ్ములమ్మ దాన్ని మళ్లీ పెట్టి, కుర్చీ వీపు మీద రెండు చేతులూ వేసి తన బరువు కూడా కలిపింది. నిమ్మకాయ టప్పున పగిలి రసం గోడ దాకా చిమ్మింది.

"ఇగ నడపుండ్రి" అంది తృప్తిగా.

అనంతయ్య కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని పైవరుస చూశాడు. ఎఫ్ ఏడు ఎక్కడుందో మొదట కనబడలేదు. జమ్ములమ్మ పెట్టిన పెద్ద బొట్టు సరిగ్గా దాని మీదే ఉంది. కుంకుమ నీళ్లు చుట్టూ కారి లోపలికి దిగాయి. నొక్కితే ఆ మీట కిందికి వెళ్లింది గానీ మళ్లీ పైకి రాలేదు. తెర మారలేదు. గోటితో పైకి లేపబోతే మీట మూత ఊడి ఎగిరి బీరువా కిందికి పోయింది.

"నడిమిట్ల మంచిగున్నదని అక్కడ పెద్దది పెట్టిన" అంది జమ్ములమ్మ, మెల్లగా.

"మంచిగనే పెట్టినవ్. నీ తప్పేం లేదు."

వేరే కంప్యూటర్ మీటల పలక తెచ్చి తగిలిద్దామన్న ఆలోచన వచ్చింది. నడుస్తున్న కంప్యూటర్‌కు ఆ తీగ పీకవద్దని ప్రేమ్ కుమార్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాడు. ఇవాళ ఒకరి రాతకు విలువ లేకపోవడం చాలు అనుకుని అనంతయ్య ఆ ఆలోచన మానుకున్నాడు.

అప్పుడే ఫ్యాను తిరగడం తగ్గి, ఆగింది. బల్ల కింద యూపీఎస్ టిట్ టిట్ మని మొదలుపెట్టింది. దాని బ్యాటరీ పాతది. పావుగంట నిలిస్తే గొప్ప.

ప్రేమ్ కుమార్‌కు మళ్లీ కలిపాడు. ఈసారి మాట తెగి తెగి వినబడింది.

"ఎఫ్ ఏడు లేదా? యాడికి పోయింది సార్?"

"బీరువా కిందికి."

"ఆ... అయితే పేరు కొట్టి లోపలికి పోయి ఒక ఆర్డర్ ఇయ్యొచ్చు, గని దానికి పెద్ద పాస్‌వర్డ్ కావాలె, అది నా దగ్గర గూడ లేదు, కంపెనీ వాళ్ల దగ్గరుంటది. ఇంకొకటి ఉన్నది సార్. బాణం మీటలుంటయి గద, వాటితోటి గూడ పక్క తెరకు..."

ఫోన్ తెగింది. మళ్లీ కలిపితే పరిధిలో లేరని ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది.

"అచ్చంపేట తొవ్వ గట్లనే ఉంటది సార్" అంది జమ్ములమ్మ. "అడివి దగ్గరికి పోయినకొద్ది మాట అందదు. మా అల్లుడు గిట్లనే, అప్పు అడిగినప్పుడల్ల అడివిల ఉంటడు."

అనంతయ్య నవ్వాపుకుని పలక వైపు చూశాడు. ఉన్నదేమిటి, లేనిదేమిటి అని ఆలోచించాడు. పిల్లలకు లెక్క ఇచ్చినప్పుడు మొదట చేయమనేది అదే. తెరలు ఏడు. వరుసగా ఉన్నాయి. ఏడోదానికి నేరుగా పోయే మీట లేదు. మిగతావి పనిచేస్తాయేమో చూడాలి. రెండు వేళ్లతో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఎఫ్ రెండు నొక్కాడు. నల్ల తెర మీద అక్షరాలు కదిలాయి. అదే ఇంగ్లీషు, అంకె మాత్రం రెండు. మూడు నొక్కితే మూడోది వచ్చింది. నాలుగు, ఐదు కూడా అలాగే.

"ఏమైతున్నది సార్? అన్ని ఒక్కతీర్గనే ఉన్నయి గద."

"ఒక్కతీరు కాదు. ఒక్కొక్క గది దాటుతున్న."

ఎఫ్ ఆరు నొక్కాడు. ఆరో తెర వచ్చింది. మేకపిల్ల పక్క గదిలో ఉంది. మధ్యలో గోడ ఒక్కటే.

కుడి వైపు బాణం నొక్కాడు. తెర మీద పిచ్చి గీతలు రెండు పడ్డాయి, అంతే. మళ్లీ కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని నొక్కాడు. ఏమీ కాలేదు. యూపీఎస్ టిట్ టిట్ మనడం మాని, ఆగకుండా ఒకే కూత అందుకుంది. జమ్ములమ్మ బల్ల కిందికి వంగి, "ఆగు, జరసేపు ఆగు, సారు చేస్తుండు" అని దాన్ని బతిమాలింది.

అనంతయ్య కంట్రోల్ మీద నుంచి వేలు తీసేశాడు. ఆల్ట్ ఒక్కటే పట్టుకుని కుడి బాణం నొక్కాడు.

తెర ఒక్క క్షణం పూర్తిగా చీకటయింది. తర్వాత వెలుగొచ్చింది. అలలు, వాటి మీద హంసలు, మధ్యలో వెనక్కి తిరిగి చూస్తున్న మేకపిల్ల.

అనంతయ్య దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

"చూసుడు తర్వాత, సార్" అంది జమ్ములమ్మ. "దాచుండ్రి."

ఆయన మౌస్ కదిపాడు. ఫైల్, సేవ్. పేరు అడిగింది. తోచిన పేరు మొదట వేరే ఒకటి. కానీ అది పొడుగు, టైము లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో మేక అని కొట్టి, అవునన్నాడు. ఆ చిన్న పెట్టె తెర మీద నుంచి మూసుకుపోయిందో లేదో చూసేలోపలే కూత ఆగిపోయింది. తెర ఆరిపోయింది.

గదిలో నిమ్మకాయ వాసన, కిటికీ అవతల పిల్లల అరుపులు.

"ఉన్నదంటరా?" అంది జమ్ములమ్మ.

"తెల్వదు. కరెంటు వస్తే గని తెల్వదు."

ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. వెళ్లవలసిన పనులు ఇద్దరికీ ఉన్నాయి. జమ్ములమ్మ బీరువా కిందికి చీపురుపుల్ల దూర్చి మీట మూత బయటికి తీసి, కొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. తర్వాత కింద చతికిలబడి మాటలు మొదలుపెట్టింది.

"స్వరూపమ్మ నన్ను గూడ ఒకపారి అడిగింది సార్. జమ్ములమ్మా, అంచుకు ఏం బొమ్మ వెయ్యమంటవ్ అని. నేను చీపురు వెయ్యమన్న."

"వేసిందా?"

"వేసి చూపిచ్చింది గద. మంచిగనే ఉండె. నెమలి ఈక లెక్క ఉండె. బాలన్న తిట్టిండట."

ఆ సంగతి అనంతయ్యకు తెలియదు. ఆమె సంగతుల్లో తనకు తెలియనిది ఒకటి ఉందని వినడం ఆయనకు సంతోషంగా అనిపించింది. ఇంకేమైనా అడిగిందా అన్నాడు. జమ్ములమ్మ గుర్తున్నవి గుర్తున్నట్టు, గుర్తులేనివి కూడా కొన్ని కలిపి చెప్పింది. స్వరూప పేరు ఆ గదిలో అంతసేపు పలకడం ఆషాఢం తర్వాత అదే మొదలు.

ఆఖరి గంట కొట్టి పిల్లలు వెళ్లిపోతున్నప్పుడు ఫ్యాను కదిలింది. అనంతయ్య కంప్యూటర్ వేశాడు. అది తీరిగ్గా, అన్ని వరుసలూ చదువుకుని, మెల్లగా బొమ్మల తెరకు వచ్చింది. ఫైళ్ల మధ్య మేక అన్న పేరు ఉంది. ఆయన దాని మీద నొక్కాడు.

హంసలన్నీ వచ్చాయి. మేకపిల్ల వచ్చింది. తోక దగ్గర గడి పైకే ఉంది.

"కుక్క గాలే" అన్నాడు అనంతయ్య.

"ఏంది సార్?"

"ఏం లేదు. ఉన్నది."

ఆయన దాన్ని ఇంకో పేరుతో మరోసారి దాచాడు. మళ్లీ ఇంకో పేరుతో దాచాడు. తర్వాత హెడ్మాస్టరు గదిలోని ప్రింటరు మీద కాగితాలు తీసి, ఒకటి తన సంచిలో, ఒకటి లెక్కల బీరువాలో పెట్టాడు. మూడోది జమ్ములమ్మ అడిగి తీసుకుంది.

పొద్దు వాలుతుండగా బాలన్న వనపర్తి నుంచి ఫోన్ చేశాడు.

"బావా, చీర ఇచ్చిన. మేకపిల్లను చూసి ఆ పెండ్లోళ్లు ఒకటే నవ్వుడు."

"నవ్విర్రా?"

"ముసలమ్మ గూడ నవ్వింది. ఇంకో చీర కావాల్నంటుర్రు, పెండ్లికొడుకు అక్కకు. గని ఈసారి ఉత్త చారల కొంగు వద్దంట. కొంగుకు గూడ ఇసొంటి బొమ్మనే ఉండాల్నట. దీపావళి లోపట కావాలె. బొమ్మ మంచిగున్నదా నీ కాడ?"

"ఉన్నది" అన్నాడు అనంతయ్య. మధ్యాహ్నం జరిగిన కథ చెప్పలేదు. "అంచు ఉన్నది. కొంగుకు ఆమె ఏం వేయలేదు గద బావా."

"వేయలే. నువ్వెయ్యి."

"నేను లెక్కల సార్ను."

"గడులు నింపుడు లెక్క గాక ఏంది మరి? చారల కొంగు పెడితే వాళ్లు తీస్కోరు, నేను మగ్గం ఎక్కియ్య. నువ్వే చూస్కో."

అనంతయ్య సరేనని అనలేదు, కాదనీ అనలేదు. ఫోన్ పెట్టేసి, ఇంటికి బయల్దేరబోయిన వాడు మళ్లీ కూర్చున్నాడు. కొంగు కొలతకు తగ్గట్టు ఖాళీ గడులు తెరిచాడు. ఏమీ గీయకముందే దానికి పేరు పెట్టి దాచాడు.

సెలవులు ముగిసి బడి తెరిచారు. మీటకు మూత అతికించారు. బాలన్న అంచుకు అట్టలు కొట్టించాడు. కొంగు గడుల్లో మాత్రం అనంతయ్య ఒక్కటి కూడా ఇంకా నింపలేదు; స్వరూప అయితే ఏం వేసేదో అని రోజూ తెరిచి చూసుకుంటున్నాడు.